కేశవరావు గారి ఉంగరపు వేలు

పోయిన నెలలో మా అమ్మాయి భజన క్లాసు హార్మోనియం బాగు చేయించడానికి లండన్‌లో మేముండే స్టాన్‌మోర్ నుంచి హేస్ దాకా వెళ్ళాను. బస్టాపు వెనక సందులో చిన్న కొట్టు. ఒక పెద్దాయన హార్మోనియం మూత విప్పి మెట్ల కింద దుమ్ము ఊదుతుంటే నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. వెనక గదిలో ఎవరో మాండలిన్ శ్రుతి చేస్తున్నారు. మాండలిన్‌కు తీగలు జంటలుగా ఉంటాయి. జంటలోని రెండు తీగలూ ఒకే స్వరం పలకాలి. కుదరనంతసేపూ ఆ రెండింటి మధ్య సన్నని వణుకు వినిపిస్తుంది. బిరడా తిప్పేకొద్దీ ఆ వణుకు నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది, ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం కోసం నేను ఎదురుచూస్తున్నానని అది ఆగాకే నాకు తెలిసింది. అప్పటికి కొట్టాయన నన్ను రెండుసార్లు పిలిచాడట.

ఆ శబ్దాన్ని గుర్తుపట్టడం నాకు నేర్పింది కేశవరావు గారు. ఆయన సంగీత విద్వాంసుడు కాదు. కోవెంట్రీలో ఎముకల సర్జన్, ఐదేళ్ళపాటు నా బాస్. కాకినాడలో చదువుకుని, నేను పుట్టిన ఏడాదే ఇంగ్లండు వచ్చారు. నేను 2009 చలికాలంలో ఆయన దగ్గర రిజిస్ట్రార్‌గా, అంటే శిక్షణలో ఉన్న సర్జన్‌గా చేరాను. ఇక్కడ సర్జన్లను డాక్టర్ అనరు. మగవాళ్ళను మిస్టర్ అనీ, ఆడవాళ్ళను మిస్ అనీ అంటారు. ఈ సంగతి ఫోన్లో చెబితే అనంతపురంలో మా నాన్న, "ఇంత చదువు చదివి, ఉండే డాక్టరు గూడా పోగొట్టుకుంటివా పద్మజా?" అన్నారు. మిస్టర్ రావు తెలుగాయన అని విన్నప్పుడు మాత్రం ఆయనకు కొంచెం ధైర్యం వచ్చింది. నాకూ వచ్చింది. కానీ మొదటి మూడు వారాలూ కేశవరావు గారు నాతో ఒక్క తెలుగు మాట కూడా మాట్లాడలేదు.

పొట్టి మనిషి. స్టీలు ఫ్రేము కళ్ళజోడు, ముదురు రంగు టై. పేషెంటుతో మాట్లాడేటప్పుడు తప్పనిసరిగా కూర్చునేవారు. జూనియర్లతో మాట్లాడేటప్పుడు నడుస్తూనే ఉండేవారు. మూడో వారంలో ఒకరోజు ఆపరేషన్ మధ్యలో నేను మెల్లగా, "సార్, ఇది పట్టుకోమంటారా?" అని తెలుగులో అడిగాను. ఆయన తలెత్తకుండా, సిస్టర్‌కు కూడా వినబడేలా అడగమని ఇంగ్లీషులో అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కునే చోట ఆయనే నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"థియేటర్లో తెలుగొద్దమ్మా," అన్నారు. "మత్తులో ఉన్న మనిషి పక్కన నిలబడి, మెలకువగా ఉన్నవాళ్ళందరికీ అర్థమయ్యే మాటే మాట్లాడాలి. ఎవరికైనా తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పడానికి వీలుండాలి కదా." చేతులు తుడుచుకుని రెండడుగులు వేసి ఆగారు. "ఇంతకీ ఏ ఊరు మనది?"

ఆ వసంతంలో ఒక శుక్రవారం డ్యూటీల పట్టిక చూస్తూ, "ఆదివారం నీకు డ్యూటీ లేదు కదూ? మధ్యాహ్నం ఏమైనా పనుందా?" అని అడిగారు. లేదన్నాను. తెలుగువాళ్ళ భోజనాలేవో ఉంటాయనుకుని పట్టుచీర కట్టుకుని ఆయన చెప్పిన చోటికి వెళ్ళాను. అది ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళ క్లబ్బు. పొడుగాటి హాలు, మడత కుర్చీలు, ఒక మూల టీ మరుగుతున్న పెద్ద స్టీలు పాత్ర. గోడమీద చేత్తో రాసిన కాగితం: జానపదం, బ్లూస్, బ్లూగ్రాస్, మూడు గంటలకు. అరవైమంది దాకా ఉన్నారు, దాదాపు అందరూ నాకన్నా ముప్ఫై ఏళ్ళు పెద్దవాళ్ళే. నా చీర చూసి టీ దగ్గరున్నావిడ, "ఎంత బాగుందో! ఇవాళ పాడేది నువ్వేనా?" అంది. తలుపు పక్కన గళ్ళ చొక్కా వేసుకుని, మాండలిన్ ఒళ్ళో పెట్టుకుని, చెవి దాని దగ్గరకు వంచి కూర్చున్న మనిషి మా బాస్ అని పోల్చుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

నిజం చెప్పాలంటే ఆ సంగీతం నాకు మొదట నచ్చలేదు. ముందు ఒక ముసలావిడ వాయిద్యం ఏదీ లేకుండా, కళ్ళు మూసుకుని, ఆ ఊళ్ళో ఒకప్పుడు పట్టు రిబ్బన్లు నేసిన ఆడవాళ్ళ పాట పాడింది. పన్నెండు చరణాలు, అన్నిటికీ ఒకే వరస. తర్వాత జమైకా నుంచి వచ్చిన ఒక బస్సు డ్రైవరు గిటారు మీద బ్లూస్ వాయించాడు. అతను ఒక్కో మాట పాడి, మిగతాది గిటారుకు వదిలేస్తుంటే కొంచెం ఆసక్తి కలిగింది. చివర అమెరికా పల్లెల సంగీతం బ్లూగ్రాస్ వాయించే కేశవరావు గారి బృందం: బ్యాంజో, ఫిడేలు, రెండు గిటార్లు, మాండలిన్. అయిదుగురికీ కలిపి ఒకటే మైకు. ఒకరి వంతు వచ్చినప్పుడు ముందుకు జరిగి మైకు దగ్గర వాయించి, అయిపోగానే పక్కవాడి భుజం తగలకుండా వెనక్కి తప్పుకోవాలి. అంత వేగంలో అయిదుగురు మనుషులు అలా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ తిరగడం నేనెక్కడా చూడలేదు. పాటకన్నా నేను దాన్నే చూశాను. కేశవరావు గారు ముందుకు వచ్చింది రెండేసార్లు. మిగతా సమయమంతా వెనకే నిలబడి, తీగలను చెయ్యి ఆనించి ఆపేస్తూ, తాళానికి మధ్యలో టక్, టక్ అని కొడుతూ ఉన్నారు.

టీ వేళ బ్యాంజో ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పేరు బ్రయన్. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. "ఇది మీ బాస్ చేతిపని," అంటూ మిగతా వేళ్ళు ఆడించి చూపించాడు. ఫ్యాక్టరీలో ప్రెస్సు యంత్రం కింద చెయ్యి నలిగినప్పుడు ఆ పూట డ్యూటీలో ఉన్నది కేశవరావు గారట. అప్పటికి ఆయనకు ఆ ఆసుపత్రిలో రెండో నెల. తాను మళ్ళీ బ్యాంజో వాయించగలనా అని బ్రయన్ అడిగితే, బ్యాంజో అంటే ఏమిటో తనకు తెలియదని, తెప్పిస్తే చూస్తానని అన్నారట. "మా ఆవిడ వార్డులోకి బ్యాంజో తెచ్చింది. ఈయన అరగంటసేపు ఏ వేలు ఏ తీగ మీదికి పోవాలో అడిగి, కాగితం మీద గీసుకున్నాడు. తర్వాత ఆ కాగితం పట్టుకునే ఆపరేషన్‌కు పోయాడు. అలాంటివాణ్ణి వదిలిపెడతానా? ఆర్నెల్ల తర్వాత ఇక్కడికి లాక్కొచ్చాను."

చిన్నప్పుడు కాకినాడలో ఎనిమిదేళ్ళు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకున్నారట కేశవరావు గారు. "గమకాలు వాయిస్తే వీళ్ళు, అది చాలా బాగుంది కెష్, కానీ ఇక్కడ కాదు, అన్నారు," అని తిరిగి వచ్చేటప్పుడు కార్లో నవ్వుతూ చెప్పారు. "మూడేళ్ళు నన్ను పాట ముట్టుకోనివ్వలేదు తెలుసా. వెనక నిలబడి టక్కు టక్కు కొట్టడమే. అప్పటికి నేను కన్సల్టెంటుని. ఆసుపత్రిలో నా మాటకి ఎదురులేదు. ఆదివారం వచ్చేసరికి తాళం తప్పావయ్యా అని ఒక ప్రెస్సు ఆపరేటరు అందరిముందూ చెప్పేవాడు. అది లేకపోతే ఏమైపోయేవాణ్ణో." ఆ తర్వాత వీలైనప్పుడల్లా ఆ హాలుకు వెళ్ళేదాన్ని. సంగీతం ఎప్పుడు నచ్చడం మొదలైందో చెప్పలేను.

రెండో ఏడాది ఒక మణికట్టు ఆపరేషన్‌లో నేను వేసిన స్క్రూ ఒకటి పొడవెక్కువైంది. మర్నాడు ఎక్స్‌రేలో చూశాను. రెండు మిల్లీమీటర్లు. ఎవరూ పట్టించుకోకపోవచ్చు, పేషెంటుకు ఏ ఇబ్బందీ కలగకపోనూవచ్చు. ఆ రోజంతా దాన్ని మనసులో పెట్టుకునే తిరిగాను. సాయంత్రం కేశవరావు గారు ఎక్స్‌రేల వరసలో దాని దగ్గర ఆగారు.

"చూశావా?"

"చూశాను సార్."

"ఎప్పుడు?"

"పొద్దున."

"ఎవరికి చెప్పావు?"

ఎవరికీ చెప్పలేదన్నాను. ఆయన అరవలేదు. లేచి, "పద," అని వార్డుకు నడిచారు. పేషెంటు డెబ్భై ఏళ్ళు దాటిన ఆవిడ, ఒక స్కూల్లో వంట చేసి రిటైరైంది. ఆయన కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, తాను నిలబడ్డారు. నేనే చెప్పాలని అర్థమైంది. చెప్పాను. మర్నాడు మళ్ళీ ఆపరేషన్ చేసి స్క్రూ మార్చాలని, అది నా పొరపాటని, పొద్దున్నే చూసి సాయంత్రం దాకా చెప్పలేదని కూడా చెప్పాను. ఆవిడ, "సరేలే అమ్మాయ్, రేపటికి నాకు మధ్యాహ్న భోజనం లేదన్నమాట," అంది. బయటికి వచ్చాక కేశవరావు గారు అన్నది ఒక్కటే: "మూడోది నువ్వు చెప్పక్కర్లేదు, అయినా చెప్పావు. అది గుర్తుపెట్టుకో." నేను గుర్తుపెట్టుకున్నాననే అనుకున్నాను.

2014 నాటికి నా శిక్షణ ముగింపుకు వచ్చింది. లండన్ వైపు కన్సల్టెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. నా పని ఎలాంటిదో చెబుతూ ఆయన రిఫరెన్స్ ఉత్తరం రాయాలి. ఆ రోజుల్లో ఒక ఆదివారం ఆయన బృందం చాలా వేగమైన పాట ఒకటి వాయించింది. ఆయన ముందుకు వచ్చి, తన వంతు వాయించి, వెనక్కి తప్పుకున్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తిరుగుదారిలో నన్ను నా ఫ్లాట్ ముందు దించుతూ కారు ఇంజిను ఆపేశారు.

"విన్నావా?"

"ఏంటి సార్?"

"ఉంగరపు వేలు. రెండుసార్లు ఆలస్యంగా పడింది."

"నాకేం తెలియలేదు సార్. బాగానే ఉంది."

ఎడమచెయ్యి స్టీరింగ్ మీద పెట్టి ఆ వేలు ఒకసారి ఎత్తి, దించారు. "రెండు నెలలుగా చూస్తున్నాను. నరాల డాక్టరు దగ్గరికి మూడు వారాల తర్వాత అపాయింట్‌మెంట్ ఉంది. ఈలోగా పెద్ద కేసులు మానేశాను. చిన్నవి చేస్తున్నాను. మాండలిన్ మీద తెలిసేది కత్తి పట్టుకున్నప్పుడు ఉందో లేదో నాకు తెలీదు. మన చెయ్యి మనకి కనపడదు. ఈ వారం నా పక్కన నిలబడి చూడు. ఏమాత్రం తేడా ఉన్నా చెప్పు, ఆ రోజే ఆపేస్తాను."

చూశాను. సోమవారం ఏమీ కనబడలేదు. బుధవారం కుట్టు ముడి వేసేటప్పుడు ఆ వేలు దారం కిందికి రావలసిన చోటికి రాలేదు. ఒక క్షణం ఆగి, తర్వాత వచ్చింది. వెయ్యి ముడులు చూసిన దాన్ని కాబట్టి నాకు తెలిసింది, ఇంకెవరికీ తెలియదు. గురువారం మళ్ళీ అదే. శుక్రవారం సాయంత్రం తన గదిలో, కోటు తొడుక్కుంటూ, "ఊఁ, చెప్పమ్మా," అన్నారు.

"ఏమీ లేదు సార్. ఎప్పటిలాగే ఉంది," అన్నాను.

ఎందుకన్నానో అప్పటినుంచీ చాలాసార్లు ఆలోచించాను. రిఫరెన్స్ భయం ఉంది, లేదనను. ఆయన మీద ప్రేమ ఉంది. ఆయన ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనిని ఒక్క మాటతో ఆపే అధికారం నాకెక్కడిది అనే సంకోచం ఉంది. అన్నీ కలిసి ఆ మాటగా బయటికి వచ్చాయి. ఆయన నా ముఖం వంక చూసి, "థాంక్సమ్మా," అన్నారు. ఆయన భుజాలు కొద్దిగా కిందికి దిగాయి. ఆ ఊరట చూసి నేను మంచిపనే చేశానని కూడా అనుకున్నాను.

తర్వాతి వారం శుక్రవారం ఒక కుర్రాడి అరచేతిలో వేలిని ముడిచే, తాడులాంటి స్నాయువు తెగితే కుడుతున్నాం. ఆయనే చేస్తున్నారు. సగంలో ఆయన చెయ్యి ఆగింది. సూది పట్టుకునే పరికరాన్ని ట్రేలో పెట్టి, ఇంగ్లీషులో, స్పష్టంగా, గదిలో అందరికీ వినబడేలా, "నేను ఇక్కడితో ఆపుతున్నాను. మిగతాది మిస్ రెడ్డి పూర్తి చేస్తుంది," అన్నారు. అని, నాకు చోటిస్తూ బల్ల దగ్గర నుంచి వెనక్కి తప్పుకున్నారు. బ్లూగ్రాస్ పాటలో తప్పుకున్నట్టే, ఎవరి భుజమూ తగలకుండా. కుర్రాడికి ఏమీ కాలేదు. చెయ్యి బాగా నయమైంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, కానీ ఆ గంటసేపూ అది నాకు తెలియదు.

ఆపరేషన్ అయ్యాక వెళ్తే తన గదిలో సొరుగులు సర్దుకుంటున్నారు. మెడికల్ డైరెక్టరుకు అప్పటికే ఫోన్ చేసేశారు.

"నీ మాట మీద ఒక వారం ఎక్కువ చేశాను," అన్నారు.

నేను నిలబడ్డాను.

"నీకు కనిపించింది కదూ?"

"కనిపించింది సార్. బుధవారం."

తల ఊపారు. "కూర్చో. నేను కూర్చోమంటే గానీ కూర్చోవా?" కూర్చున్నాను. "తప్పు నీదొక్కదానిదే అనుకోకు. నీ రిఫరెన్స్ నా సొరుగులో పెట్టుకుని నీ నోట నిజం రావాలనుకున్నాను. అలా అడగడం నాదీ తప్పే. సిస్టర్‌ని అడగాల్సింది. ఆవిడకి నాతో కావలసిన పనేదీ లేదు. కానీ నిన్నడిగితే లేదంటావని లోపలెక్కడో నాకు తెలుసేమో." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయినా ఆ పిల్లాడు మన ఇద్దరి ఊరట కోసం బల్లమీద పడుకున్నాడమ్మా."

జబ్బు పార్కిన్సన్స్ అని తేలింది. ఆయన మళ్ళీ కత్తి పట్టుకోలేదు. నాకు రిఫరెన్స్ రాశారు. అందులో ఆ వారం సంగతి లేదు. అది నాకు ఊరట కాలేదు. ఉద్యోగం వచ్చి, స్టాన్‌మోర్‌కు ఇల్లు మారాక కూడా నెలకో రెండు నెలలకో కోవెంట్రీ వెళ్ళేదాన్ని. మొదట్లో ఆయన ఎదుటపడటానికి మొహం చెల్లేది కాదు. ఆయన మాత్రం ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

క్లబ్బులో కొంతకాలం వెనక నిలబడి తాళం కొట్టారు. ఆ తర్వాత అదీ కష్టమైంది. బ్రయన్ వాళ్ళు ఆయన వంతు వచ్చినప్పుడు ఎవరూ ముందుకు రాకుండా ఆ కాస్త చోటూ ఖాళీగా ఉంచి వాయించేవారు, గౌరవంగా. రెండు నెలలు ఓర్చుకుని, "ఖాళీ మైకుని చూడ్డానికా జనం వస్తున్నారు? ఎవర్నన్నా పిలవండయ్యా," అని కోప్పడ్డారట. వేరే ఊరినుంచి ఒక మాండలిన్ ఆవిడ వచ్చి చేరింది. కేశవరావు గారు మొదటి వరసలో కూర్చుని వినేవారు. టీ వేళ వాయించినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చునేవారు. ఎక్కడ తప్పిందో ఆయన చెప్పేవారు. ఆ మాటలు వినడానికి భయపడుతూనే వచ్చేవారు. బ్లూస్ పాడే బస్సు డ్రైవరు ఒకసారి నాతో, "బాగుందని చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. ఆయన ఊరుకున్నాడంటే ఆ రోజు నిజంగా బాగున్నట్టు," అన్నాడు.

ఒక వేసవి ఆదివారం బ్రయన్ పట్టుపట్టి ఆయన్ను ముందుకు తీసుకొచ్చాడు. నెమ్మదైన పాట. కుర్చీ వేసి, మాండలిన్ ఒళ్ళో పెట్టారు. ఆయన వాయించారు. మొదటి చరణం నడిచింది. రెండో దాని మధ్యలో వేళ్ళు ఆగిపోయాయి; ఫిడేలు అందుకుని పాటను ఒడ్డున పడేసింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. టీ దగ్గరావిడ కళ్ళు ఒత్తుకుంటోంది. ఆయన మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుని, అందరూ వినేలా కాక, తెలుగులో అడిగారు.

"ఎలా ఉంది?"

చుట్టూ చప్పట్లు ఇంకా ఆగలేదు. "బాగాలేదు సార్," అన్నాను. "మొదట్నుంచీ తాళం వెనకబడింది. రెండో చరణంలో ఆగిపోయారు." 

"హమ్మయ్య," అన్నారాయన. నిజంగానే తేలికపడ్డ మనిషిలా కాళ్ళు చాపుకున్నారు. "ఇంక వాయించక్కర్లేదు. వెళ్ళి ఓ టీ పట్రా, పంచదార ఎక్కువ వేయించు."

అది నాకు ఆయనిచ్చిన క్షమో, ఆయనకు నేను తీర్చుకున్న బాకీనో నేను తేల్చుకోలేదు. మరుసటి ఏడాది నిమోనియాతో పోయారు. అంత్యక్రియలకు తెలుగువాళ్ళు కొందరు, ఆసుపత్రివాళ్ళు కొందరు, క్లబ్బువాళ్ళు అందరూ వచ్చారు. బ్రయన్ బ్యాంజో తెచ్చాడు గానీ సంచిలోంచి తీయలేదు. ఇప్పుడు వాయిస్తే తప్పులు దొర్లుతాయి, చెప్పేవాడు లేడు, అన్నాడు.

నేనిప్పుడు కన్సల్టెంటుని. నా గదిలోనూ జూనియర్ల కాగితాలు సంతకం కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. అందుకే నా చేతి సంగతి వాళ్ళను అడగను. మా థియేటరు సిస్టర్ ఒకావిడ ఉంది, వచ్చే ఏడాది రిటైరవుతోంది, నాతో ఆవిడకు అయ్యే పని ఏదీ లేదు. మూడు నెలలకోసారి ఆవిడను టీకి పిలిచి, నా పనిలో ఏం తేడా కనబడిందో చెప్పమంటాను. మొదటిసారి ఆవిడ బిత్తరపోయింది. తర్వాత అలవాటుపడింది. పోయినసారి, నేను అలిసిపోయినప్పుడు కుట్ల దగ్గర తొందరపడుతున్నానని చెప్పింది. నాకు వెంటనే కోపం వచ్చింది, ఎప్పుడూ వస్తుంది. ఏ రోజు, ఏ పేషెంటు అని అడిగాను. ఆవిడ చెప్పింది. నేను చీటీ మీద రాసుకుని, ఆ పేషెంటును మళ్ళీ చూడటానికి వార్డుకు నడిచాను.